బలం పోయే దారి

జనగామ హైవే పక్కన లారీలు బాగుచేసే ఏ షెడ్డులోకి వెళ్లినా ఒక మూలన ఇనుప గుమ్మంలాగా నిలబడి కనిపిస్తుంది హైడ్రాలిక్ ప్రెస్సు. 20 టన్నులదో, 50 టన్నులదో. దాని కింద ఉండేది మామూలు సిమెంటు గచ్చు. కొన్ని షెడ్లలో అదీ లేదు, తొక్కి తొక్కి గట్టిపడిన మొరం నేల. 20 టన్నుల బరువును తెచ్చి అంత చిన్న జాగాలో పెడితే ఆ గచ్చు నిలువదు. మరి ప్రెస్సు అదే 20 టన్నులతో పొద్దంతా నొక్కుతుంటే గచ్చుకు గీత కూడా ఎందుకు పడదు?

ఎందుకంటే ఆ బలం నేల దాకా రానే రాదు. సిలిండరు కిందికి ఎంత బలంతో నొక్కుతుందో, పైనున్న అడ్డ దూలాన్ని అంతే బలంతో పైకి తంతుంది. కింది బల్ల మీద పడ్డ బలం పిన్నుల గుండా రెండు నిలువు ఛానళ్లలోకి ఎక్కుతుంది. వాటిని సాగదీస్తూ పైకి పోయి, పై దూలం దగ్గర సిలిండరు తన్నుడును కలుసుకుంటుంది. అక్కడితో చుట్టు పూర్తయింది. నేల మోసేది ప్రెస్సు సొంత బరువును, దాని మీద పెట్టిన సామాను బరువును మాత్రమే. ఆ ప్రెస్సును ఎత్తి లారీ డబ్బాలో పెట్టి నొక్కినా అదే 20 టన్నులు పనిచేస్తుంది, లారీకి ఏమీ కాదు. ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే చాలు, ప్రెస్సులోని ప్రతి ముక్క ఎందుకు అట్లా ఉందో దానంతటదే తెలుస్తూ పోతుంది. ఎక్కని చోటే ప్రమాదాలు జరుగుతాయి. ఈ వారం రాయాలనిపించింది అందుకే.

మా వైపు ప్రెస్సు లేకపోతే బండ్లు నడవవు. మహబూబాబాద్ చుట్టుపక్కల కరిగెట మొదలైందంటే ట్రాక్టర్లు కేజ్ వీల్సు తగిలించుకుని వారాల తరబడి బురదలోనే ఉంటాయి. సీలు కొద్దిగా అరిగినా బురద నీళ్లు హబ్బులోకి దిగి బేరింగును తినేస్తాయి. రోటవేటరుకూ అదే గతి. భూపాలపల్లిది ఇంకో కథ. ఆ ఊరికి రైలు లేదు. సింగరేణి బొగ్గు టిప్పర్ల మీదే కదలాలి, చెల్పూరు కరెంటు ప్లాంటుకైనా రోడ్డు మీదే పోవాలి. ఆ బరువులకు, ఆ గుంతలకు కింగ్ పిన్నులు, స్ప్రింగు బుష్షులు ఎంత గట్టివైనా అరిగిపోవాల్సిందే. పాత బేరింగు ఊడదీయడం, కొత్తది ఎక్కించడం, బుష్షు దించడం, తుప్పుపట్టి అతుక్కుపోయిన కింగ్ పిన్నును బయటికి తొయ్యడం, వంగిన షాఫ్టును సాపు చేయడం, ఇవన్నీ ప్రెస్సు చేసే పనులు.

ప్రెస్సు రాకముందు ఇవన్నీ సమ్మెటతో అయ్యేవి. ఇప్పటికీ చాలాచోట్ల అవుతూనే ఉన్నాయి. సమ్మెట దెబ్బలో బలం తక్కువ కాదు, చాలా ఎక్కువ. కానీ అది రెప్పపాటు బలం. ఎటు పోతుందో కొట్టినవాడి చేతిలో ఉండదు. బేరింగు బయటి రింగు (రేసు) మీద కొట్టి లోపలి రేసును షాఫ్టు మీదికి ఎక్కించాలని చూస్తే దెబ్బంతా మధ్యనున్న గోళీల గుండా పోతుంది. గట్టి గోళీలు రేసు గాడిలో కంటికి ఆనని సొట్టలు పెడతాయి. బండి ఆ రోజు బాగానే పోతుంది. కొన్నాళ్లకు చక్రంలో గుయ్‌మనే చప్పుడు మొదలవుతుంది. అప్పుడు రైతు బేరింగు కంపెనీని తిడతాడు. బేరింగులో తప్పేమీ లేదు, అది ఎక్కేటప్పుడే దెబ్బతిన్నది.

సుత్తెను చిన్నచూపు చూసే మాట కాదిది. జనగామను ఆనుకుని ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకు మీద పువ్వు లేవాలన్నా, దేవుడి ముఖం మీద కనుబొమ వంపు తిరగాలన్నా సుత్తె, ఉలే కావాలి. అక్కడ దెబ్బ పడ్డచోటే రేకు లొంగాలి, పక్కది కదలొద్దు. వెనుక మెత్తని ఆధారం ఉంటుంది, దెబ్బ అందులోకి ఇంకిపోతుంది. చిన్న దెబ్బ, చిన్న లొంగుబాటు, మళ్లీ ఇంకో దెబ్బ. బేరింగుకు కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. చుట్టూ ఒకే తీరుగా, ఒకే నిలువు గీతలో, మెల్లగా, ఆగమన్నచోట ఆగే బలం కావాలి.

ఆ మెల్లదనం ఎక్కడి నుంచి వస్తుందో లెక్క వేసి చూద్దాం. పంపులో 10 మిల్లీమీటర్ల ప్లంజరు, పై సిలిండరులో దిగి నొక్కే 70 మిల్లీమీటర్ల ర్యాము ఉన్నాయనుకోండి. అడ్డుకొలత ఏడు రెట్లయితే వైశాల్యం 49 రెట్లు. హ్యాండిలు వల్ల చేతి బలం 20 రెట్లవుతుందనుకుందాం. మనిషి 20 కిలోల బలంతో లాగితే ప్లంజరు మీద 400 కిలోలు, ర్యాము మీద 19,600 కిలోలు. రమారమి 20 టన్నులు. మూసిన ద్రవం మీద ఒకచోట పడ్డ ఒత్తిడి అన్ని వైపులకూ తరగకుండా పాకుతుందని ఫ్రెంచివాడు పాస్కల్ కనిపెట్టాడు. ఆయన 1662లో చనిపోతే ఆ గ్రంథం మరుసటి ఏడు అచ్చయింది. పుస్తకాల్లో సాధారణంగా ఇక్కడిదాకానే చెప్పి ఆపుతారు. షెడ్డులో పనికొచ్చే సగం తర్వాత ఉంది. బలం 49 రెట్లు పెరిగితే కదలిక 49వ వంతుకు తగ్గుతుంది. ప్లంజరు 25 మిల్లీమీటర్లు దిగితే ర్యాము దిగేది అర మిల్లీమీటరు.

ఈ అర మిల్లీమీటరును నేను ప్రెస్సులోని అసలు గొప్పతనం అంటాను. ఒక్కో పంపుకు అర మిల్లీమీటరు చొప్పున బేరింగు దిగుతుంటే, అది వంకరగా పోతున్నదా, షాఫ్టు భుజానికి ఆనుకున్నదా అన్నది హ్యాండిలు పట్టిన చేతికి తెలుస్తుంది. మహబూబాబాద్‌లో ఒక షెడ్డులో ఉస్తాదు పక్కన నిలబడి పని నేర్చుకునే పోరడితో అంటుంటే విన్నాను: "అరేయ్, గేజీ ముల్లు ఒక్కపాలి లేసిందా లేదా? లేస్తే బేరింగు కూసున్నట్టే. ఇగ కొట్టకు, ఆపు." గేజీ టన్నులు చూపడానికే కాదు, పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి కూడా. బేరింగు దిగుతున్నంతసేపు ముల్లు దాదాపు ఒకచోటే ఊగుతుంది. భుజానికి తగలగానే చటుక్కున పైకి లేస్తుంది. రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసు మీదికి చక్రాన్ని ఎక్కించేటప్పుడు ఈ ఒత్తిడిని కాగితం మీద గీతగా నమోదు చేస్తారు. చక్రం మరీ తేలిగ్గా దిగిందంటే బిగువు చాలలేదని అర్థం, అది పనికిరాదు. డోర్నకల్ జంక్షన్ మీదుగా బొగ్గు మోసుకుపోయే ప్రతి వ్యాగను చక్రమూ అట్లాంటి పరీక్ష దాటి వచ్చినదే. మన షెడ్లలో ఎన్నో ప్రెస్సులకు గేజీ అద్దం పగిలి, ముల్లు సున్నా దగ్గర తుప్పుపట్టి ఉంటుంది. కొత్త గేజీకి అయ్యే ఖర్చు ప్రెస్సు ధరలో ఏపాటిది?

చట్రం దగ్గరికి వద్దాం. రెండు నిలువులు, పైన దూలం, కింద బల్ల. ఒకే నిలువుతో, ముందు భాగం ఖాళీగా ఉండే ప్రెస్సులూ ఉన్నాయి. సామాను మూడు వైపుల నుంచి పెట్టొచ్చు, సౌకర్యం ఎక్కువ. కానీ బలం పడగానే ఆ చట్రం నోరు తెరుచుకుంటుంది. ఎంత మందంగా చేసినా కొంత తెరుచుకోవలసిందే. నోరు తెరిస్తే ర్యాము వాలుతుంది, వాలిన ర్యాము బేరింగును ఓరగా తోస్తుంది. రెండు నిలువుల ప్రెస్సులో ఆ బాధ లేదు. నిలువులు కేవలం సాగుతాయి. ఉక్కుకు సాగడం తేలికైన కష్టం. 150 మిల్లీమీటర్ల మామూలు ఛానలు మీద 10 టన్నులు పడితే మీటరు పొడవుకు అది సాగేది సుమారు పావు మిల్లీమీటరు, బలం తీసేస్తే మళ్లీ మామూలే. కష్టమంతా పై దూలానిదీ కింది బల్లదీ. నడుమ తోపు, రెండు కొసల పట్టు, వాటికి వచ్చేది వంపు. వంపును ఆపేది లోతు. అందుకే మంచి ప్రెస్సులో పై దూలం నిలువుల కంటే లోతైన ఛానళ్లతో ఉంటుంది. చూడ్డానికి తల బరువుగా కనబడుతుంది, అట్లానే ఉండాలి.

కింది బల్లను ఒకే దిమ్మగా చేయరు. రెండు ఛానళ్లు, మధ్యలో సందు. ఆ సందులోంచి షాఫ్టు కిందికి వేలాడాలి, ఊడిన బుష్షు కిందికి జారాలి. సందు మీద అడ్డంగా పెట్టే రెండు ప్లేట్లు విడిగా ఉంటాయి, రెంటికీ ఎత్తు ఒకటే ఉండాలి. ఒకటి పోతే ఏదో ఇనుప ముక్కను జతచేస్తారు. వెంట్రుకవాసి తేడా ఉన్నా సామాను ఓరగిలుతుంది.

ఇక బల్లను మోసే పిన్నులు. ర్యాము దిగేది మహా అయితే జానెడు. సామానులు మాత్రం ఒకటి బెత్తెడు, ఒకటి నడుమెత్తు. అంత పొడవు సిలిండరు చేస్తే ఖర్చు, పైగా పొడవాటి ర్యాము పక్కకు వంగే ప్రమాదం. కాబట్టి సిలిండరును పొట్టిగానే ఉంచి బల్లను పైకీ కిందికీ జరుపుతారు. నిలువుల్లో వరసగా రంధ్రాలు, వాటిలో పిన్నులు. రెండు రంధ్రాల మధ్య దూరం ర్యాము దిగే దూరం కంటే తక్కువ ఉండాలి. లేకపోతే ఏ రంధ్రంలోనూ అందని ఎత్తు ఒకటి మిగిలిపోతుంది. బిగింపులతో పట్టి ఉంచే బదులు పిన్నే ఎందుకంటే, బిగింపు జారుతుంది, పిన్ను జారదు. ఒక్కో పిన్నును రెండుచోట్ల కోయాలని చూస్తుంది బలం. 20 టన్నులు రెండు పిన్నులకు పంచితే పదేసి, ఒక్కో కోతకు 5 టన్నులు. 25 మిల్లీమీటర్ల మంచి ఉక్కు పిన్ను దాన్ని నిబ్బరంగా మోస్తుంది. పిన్ను పోయిందని స్లాబు రాడ్డు ముక్కను దూర్చిన ప్రెస్సులు నేను చూశాను. రంధ్రంలో వదులుగా ఉండే ఆ ముక్క మీద మొత్తం బలం నడుస్తోందని దాని ఎదురుగా వంగి నిలబడ్డ మనిషికి ఎవరూ చెప్పలేదు. బల్లను లేపే వైరుతాడు బల్ల బరువు కోసమే, నొక్కే బలం కోసం కాదు. బల్ల రెండువైపులా పిన్నుల మీద కూర్చున్నాకే పంపు ముట్టాలి.

చిన్న ప్రెస్సులను గమనిస్తే ఇంకో విచిత్రం కనబడుతుంది. జాకీ తలకిందులుగా ఉండదు, నిలువుగానే ఉంటుంది. ర్యాము పై దూలాన్ని పైకి తోస్తుంటే, జాకీ తాను కూర్చున్న పలకతో సహా కిందికి దిగుతుంది. పక్కనున్న రెండు స్ప్రింగులు పని కాగానే దాన్ని మళ్లీ పైకి లాగుతాయి. ఎందుకీ తిరకాసు? మామూలు జాకీలో ఆయిలు పీల్చుకునే దారి అడుగున ఉంటుంది. తలకిందులు చేస్తే పంపు ఆయిలుకు బదులు గాలిని పీలుస్తుంది. గాలి నలుగుతుంది, బలం రాదు. పెద్ద ప్రెస్సుల్లో పంపును విడదీసి పక్కన పెట్టి, పైపుతో సిలిండరుకు కలుపుతారు. అప్పుడు సిలిండరు ఎటు తిరిగి ఉన్నా ఇబ్బంది లేదు.

ఈ యంత్రానికి పేటెంటు తీసుకున్నది ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ బ్రామా, 1795లో. సూత్రం పాస్కల్ నాటిదే అయినా 130 ఏళ్లకు పైగా అది యంత్రం కాలేకపోయింది. బ్రామాకు ఎదురైన చిక్కు ర్యాము చుట్టూ కారే నీళ్లు. కారకుండా బిగిస్తే ర్యాము కదలదు, కదిలేలా వదిలితే కారుతుంది. ఈ చిక్కును విప్పింది ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే అని చెబుతారు. తోలును గిన్నె ఆకారంలో వంచి, దాని నోరు ఒత్తిడి వైపుకు తిప్పి పెట్టాడు. ఒత్తిడి లేనప్పుడు తోలు వదులుగా ఉంటుంది, ర్యాము హాయిగా వెనక్కి పోతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ నీరే తోలు పెదవిని విప్పార్చి ర్యాముకు అదుముతుంది. ఏ ఒత్తిడి కారుద్దామని చూస్తుందో ఆ ఒత్తిడే తలుపు మూస్తుంది. ఇంత అందమైన ఆలోచన యంత్రాల చరిత్రలో నాకు ఎక్కువ కనబడలేదు. జనగామలో ఏ స్పేరు పార్ట్సు దుకాణంలో అడిగినా దొరికే రబ్బరు కప్పు సీలు దాని వారసురాలే. ఒక్క జాగ్రత్త. ప్రెస్సులో ఆయిలు తగ్గిందని బ్రేకు ఆయిలు పోసేవాళ్లున్నారు. మామూలు హైడ్రాలిక్ సీలు రబ్బరుకు బ్రేకు ద్రవం పడదు, ఉబ్బి పాడవుతుంది. ఇంజన్లోంచి తీసిన పాత ఆయిలు ఇంకా చేటు, అందులోని ఇనుప పొడి ర్యాము నునుపును గీరేస్తుంది.

బ్రామా ప్రెస్సుకు ప్రపంచమంతటా పని దొరికింది పత్తి బేళ్లు కట్టడంలో. జనగామ చుట్టూ ఉన్న జిన్నింగు మిల్లుల్లో 170 కిలోల బేలు కట్టే యంత్రం అదే వంశానిది. చూడ్డానికి మాత్రం షెడ్డు ప్రెస్సుకు ఎక్కడా పోలిక లేదు. పత్తి మెత్తన, చాలా దూరం నలగాలి, వదిలితే మళ్లీ పొంగుతుంది. కాబట్టి అక్కడ పొడుగాటి సిలిండరు, మోటారు పంపు, నాలుగు వైపులా పెట్టె కావాలి. షెడ్డులో సామాను ఇనుము. దూరం లేదు, బలమంతా మొదటి మిల్లీమీటరులోనే కావాలి.

భూపాలపల్లి గనుల మాట చెప్పకుండా ఈ సంగతి ముగియదు. సింగరేణి భూగర్భ గనుల్లో కప్పుకు ఆనించే హైడ్రాలిక్ ప్రాపు కూడా ఒక ప్రెస్సే. కాకపోతే దానికి సొంత చట్రం లేదు. పైన కప్పు, కింద నేల, ఆ రెండు రాళ్లే దాని చట్రం. షెడ్డులో బలం మన చేతి నుంచి పుడుతుంది. గనిలో అది కొండ నుంచి వస్తుంది, ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకని ప్రాపులో ఒక వాల్వు పెడతారు. బరువు ఒక హద్దు దాటగానే వాల్వు కొద్దిగా తెరుచుకుని ద్రవాన్ని వదులుతుంది. ప్రాపు అదే బలంతో కప్పును పట్టుకునే ఉండి, మెల్లగా కుంగుతుంది. లొంగకుండా నిలబడితే విరుగుతుంది, విరిగితే కప్పు ఒక్కసారిగా వస్తుంది. రామగుండం వైపు అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పును మోసే షీల్డుల కాళ్లలో ఉన్నదీ ఈ ఏర్పాటే.

షెడ్డు ప్రెస్సులోనూ అలాంటి వాల్వు ఉంటుంది. టోపీ కింద చిన్న స్క్రూ. తుప్పుపట్టిన కింగ్ పిన్ను కదలకపోతే కొందరు ఆ స్క్రూనే ముందు బిగిస్తారు. ఆ తర్వాత హ్యాండిలుకు పొడవాటి పైపు తొడుగుతారు. హ్యాండిలు పొడవు ఊరికే పెట్టింది కాదు. ఒక మనిషి లాగితే చట్రం మోయగలిగినంతే బలం రావాలని కొలిచి పెట్టారు. పైపుతో అది రెట్టింపైతే 20 టన్నుల చట్రం మీదికి 40 టన్నులు వస్తాయి. అప్పుడు పగిలేది ఏదో ముందే చెప్పలేం. పిన్ను కావచ్చు, దూలం వెల్డింగు కావచ్చు, చాలాసార్లు బేరింగు రేసు. ఆయిలు పెద్దగా నలగదు కాబట్టి దానిలో దాగే శక్తి తక్కువే, నిజమే. కానీ సాగిన చట్రం, వంగిన దూలం, నలిగిన సామాను, ఇవన్నీ శక్తిని పట్టుకునే ఉంటాయి. బేరింగు రేసు గాజు లాంటి పెళుసు ఉక్కు, పగిలితే ముక్కలు తూటాల్లా వస్తాయి. వేల్స్‌లో బ్రిటానియా వంతెన గొట్టాలను హైడ్రాలిక్ ప్రెస్సులతో లేపుతుండగా 1849లో ఒక సిలిండరు అడుగు ఊడిపోయింది. గొట్టం లేచిన కొద్దీ కింద కట్టు వేసుకుంటూ పోవాలని ఇంజనీరు స్టీఫెన్సన్ పట్టుబట్టి ఉండటం వల్ల అది కొన్ని అంగుళాలు మాత్రమే పడి ఆగింది. యంత్రాన్ని నమ్ముతూనే అది మొరాయించే క్షణానికి సిద్ధంగా ఉండటం అంటే అదే.

కదలని బేరింగును కదిలించడానికి పైపు అక్కర్లేదు. గ్రైండరుతో బయటి రేసును కోసి తీసేసి, లోపలి రేసును వేడి చేస్తే వదులుతుంది. గంట ఆలస్యం అవుతుంది, అంతే. టన్నులు ఎక్కుతున్నప్పుడు ఎదురుగా నిలబడొద్దు. భూపాలపల్లిలో ఒక షెడ్డులో పనికిరాని కన్వేయరు బెల్టు ముక్కను ప్రెస్సు ముందు తెరలాగా వేలాడదీశారు. మందపాటి రబ్బరు, లోపల అల్లిక. బొగ్గు ప్రాంతంలో అది సులువుగా దొరికేదే. ప్రతి షెడ్డులోనూ అట్లాంటిది ఉండాలని నా పట్టుదల.

మన దగ్గర చాలా ప్రెస్సులు పేరున్న కంపెనీలవి కావు. పాత ఛానళ్లు కొని, లారీ జాకీ పెట్టి, తెలిసిన వెల్డరుతో చేయించుకున్నవి. దాన్ని తప్పు పట్టను, బాగా చేసినవి ఎన్నో ఉన్నాయి. కానీ జాకీ మీద రాసిన అంకె జాకీది, చట్రానిది కాదు. కొనబోయేవాళ్లు ఒక పరీక్ష చేయించుకోవాలి. పై దూలం కింది అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి, నడుమ సందు ఉందో లేదో చూసి పెట్టుకోండి. బల్ల మీద గట్టి ఉక్కు దిమ్మ పెట్టి, గేజీలో పూర్తి టన్నులు వచ్చేదాకా అమ్మేవాడినే నొక్కమనండి. అందరూ పక్కకు జరగాలి. ఒత్తిడి వదిలాక మళ్లీ దారం లాగండి. మొదట లేని సందు ఇప్పుడు కనబడితే దూలం లొంగిపోయినట్టే, ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.